ఇల్లు చూసి ఇంటాయన్ని చూడండి

ఇల్లు చూసి ఇల్లాలిని చూడమన్న సామెతను ఇక తగలబెట్టేద్దాం. అది ఎన్ని తరాల ఆడవాళ్లను ఏడిపించిందో లెక్కలేదు. చుట్టపుచూపుగా వచ్చిన ఆడపడుచు కిటికీ ఊచ మీద వేలు రాసి, ఆ వేలు కళ్లముందు పెట్టుకుని చూసుకుంటుంది. పెద్దమ్మ బాత్రూమ్‌కి వెళ్లొచ్చి "పనిమనిషి సరిగ్గా రావట్లేదామ్మా?" అని జాలిగా అడుగుతుంది. అదే హాల్లో ఆరడుగుల మగమనిషి సోఫాలో కూర్చుని ఫోను చూసుకుంటూ ఉంటాడు. ఆ దుమ్ముకీ ఆయనకీ ఏమైనా సంబంధం ఉందేమోనని ఒక్కరికీ తోచదు. ఇంటి దస్తావేజు మీద పేరు ఆయనది, ఇంట్లో దుమ్ము మీద పేరు మాత్రం ఆవిడది!

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన ఇళ్లు చిందరవందరగా ఉన్నాయంటే ఆడవాళ్లు బద్ధకస్తులై కాదు. లోపలికి వచ్చే సామానుకు అడ్డు చెప్పేవాళ్లు లేరు, లోపల పనిచేసే చేతులు రెండే ఉన్నాయి. ఈ రెంటి జోలికీ పోకుండా ఎన్ని డబ్బాలు కొన్నా, ఎన్ని వీడియోలు చూసినా, ఎన్ని ఆదివారాలు నడుం విరగ్గొట్టుకున్నా బుధవారానికి ఇల్లు మళ్లీ మొదటికే వస్తుంది.

నా మాట నమ్మొద్దు, సర్కారు లెక్కే చూడండి. ఎవరు ఏ పనికి రోజులో ఎంతసేపు పెడుతున్నారో కేంద్ర గణాంక శాఖ 2019లో ఒకసారి, 2024లో ఇంకోసారి దేశమంతా అడిగింది. వంట, అంట్లు, ఊడ్పు, తుడుపు, ఉతుకు, ఇలా జీతం లేని ఇంటిపనులన్నీ కలిపి 2019లో ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు చేశారు, మగవాళ్లు 97. ఐదేళ్లు గడిచాయి. ఆడవాళ్లది 289కి తగ్గింది. ఆ తగ్గింది మగవాళ్లు అందుకుని ఉంటారనుకుంటున్నారా? వాళ్లది 88కి తగ్గింది. ఆవిడకు పది నిమిషాలు మిగిలితే ఆయనా తొమ్మిది నిమిషాలు మిగుల్చుకున్నాడు.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ఆ 88 నిమిషాలు మగజాతి మొత్తానికి సగటు కాదు. ఆ రోజు ఇంట్లో ఏదో ఒక పని ముట్టుకున్న మగవాళ్ల సగటు మాత్రమే. 2019 సర్వేలో అలా ముట్టుకున్నవాళ్లు నూటికి 26 మంది. తక్కిన 74 మంది ఈ సగటులోకే రారు, వాళ్లది గుండుసున్నా. ఆడవాళ్లలోనేమో నూటికి 81 మంది. పని చేసే మగవాడితో పోల్చినా ఆడమనిషి రోజుకు 201 నిమిషాలు ఎక్కువ చేస్తోంది. ఏడాదికి 1,222 గంటలు. ఎనిమిది గంటల డ్యూటీ కింద కడితే 152 రోజులు దాటుతుంది. సెలవు లేదు, పీఎఫ్ లేదు, ప్రమోషన్ లేదు. పైగా కిటికీ ఊచ మీద వేలితో తనిఖీ! ఇద్దరూ ఒకే మెట్రోలో ఆఫీసుకు పోయి ఒకే మెట్రోలో తిరిగొచ్చే ఇళ్లలో కూడా, తలుపు తీయగానే ఆయన సోఫా వైపూ ఆవిడ సింకు వైపూ నడుస్తారు. ఇద్దరూ బిజీయే. కాకపోతే ఒకరి బిజీకి గౌరవం ఉంది, ఇంకొకరి బిజీకి సింకు ఉంది.

ఇప్పుడు మిషన్లు వచ్చాయి కదా, పనెక్కడుంది అనే మహానుభావులకు ఒక పుస్తకం పేరు చెబుతాను. రూత్ ష్వార్జ్ కోవన్ అనే అమెరికన్ చరిత్రకారిణి 1983లో 'మోర్ వర్క్ ఫర్ మదర్' రాసింది. మిషన్లు ఇంట్లోకి వచ్చాక అమ్మ పని తగ్గలేదని, శుభ్రత మీద లోకం ఆశించేది పెరిగిందని, అంతకుముందు మగవాళ్లూ పిల్లలూ బయటివాళ్లూ చేసిన పనులు కూడా ఆమె ఒక్కదాని మీదకే వచ్చి పడ్డాయని అందులో చూపించింది. మన వాషింగ్ మెషీన్ సంగతి చూడండి. చాకలి పద్దు రాసి మూట కట్టి వేసిన రోజులు మన పెద్దవాళ్లకు గుర్తే. ఆ చాకిరీ ఒక కులం నెత్తిన రుద్దింది, దాన్ని తలచుకుని మురిసిపోవాల్సిన పని లేదు. కానీ ఆ పని ఇంట్లోకి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదికీ రావాలి కదా? ఒక్కరికే ఎందుకొచ్చింది? చొక్కా రోజుకొకటయింది, తువ్వాలు పూటకొకటయింది. మెషీన్ ఉతుకుతుంది సరే, ఆరేసేదెవరు? వాన చినుకు పడగానే బాల్కనీకి పరుగెత్తేదెవరు? మడతపెట్టేదెవరు? అందుకే ప్రతి ఇంట్లోనూ మనిషి కూర్చోవడానికి వీల్లేని కుర్చీ ఒకటి బట్టల కింద మునిగి ఉంటుంది.

ఇళ్లు కట్టే తీరూ అంతే. పాత ఇళ్లలో షాబాద్ బండలు, తాండూరు బండలు, కడప బండలు, గోదావరి వైపు ఎర్ర గచ్చు. ఒక రోజు దుమ్మును ఆ నేలలు ఓర్చుకునేవి. ఇప్పుడు ఫ్లాట్లలో తెల్లగా మెరిసే విట్రిఫైడ్ టైల్స్, వెంట్రుక పడినా గీతలా కనిపిస్తుంది. ఫాల్స్ సీలింగ్ చుట్టూ దుమ్ము పేరుకోవడానికి డబ్బిచ్చి కట్టించుకున్న గట్టు, అది బాగా కనబడ్డానికి లోపల లైట్లు. బోరు నీళ్ల ఉప్పు పట్టి రెండు రోజులకే తెల్లబడే మెరుపు కుళాయిలు. వీటిని ఎంచినప్పుడు రేపు తుడిచేదెవరని ఎవరైనా అడిగారా? పి. సత్యవతి 'ఇల్లలకగానే...' కథలో గృహిణి ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోతుంది. ఈనాటి ఇల్లాలికి పేరు గుర్తుంది, ఆఫీసు ఐడీ కార్డు మెడలోనే ఉంది కాబట్టి. ఆమె మరిచిపోయింది కూర్చోవడం.

ఇక సామాను దగ్గరకు వద్దాం. అసలు కోపమంతా నాకు ఇక్కడే.

మన ఇళ్లలో చాలా సామాను మనం కొన్నది కాదు, మన చేతిలో పెట్టి పంపించింది. గృహప్రవేశానికి గోడ గడియారాలు, వేంకటేశ్వరస్వామి పటాలు, రాధాకృష్ణుల బొమ్మలు. బారసాలకు స్టీలు గిన్నె, దాని మీద ఇచ్చినవాళ్ల పేరు చెక్కి ఉంటుంది కాబట్టి పారేయడానికి లేదు. ఓణీల ఫంక్షన్‌కు ప్లాస్టిక్ బుట్ట, షష్టిపూర్తికి జర్మన్ సిల్వర్ కుంకుమ భరిణె. ఇన్నేళ్లలో మనకు చేరిన కుంకుమ భరిణెల్లో కుంకుమ పోయాలంటే వీధి మొత్తానికి బొట్టు పెట్టాలి.

జాకెట్ ముక్క అనే వింత సంగతి చూడండి. ఎనభై సెంటీమీటర్లు. ఏ చీరకూ కలవదు, చాలామందికి చాలదు. కుట్టించుకోరని ఇచ్చేవాళ్లకు తెలుసు. కుట్టించుకోనని తీసుకునేవాళ్లకూ తెలుసు. శ్రావణ శుక్రవారం అందుకున్న ముక్క దసరా పేరంటానికి ఇంకో ఇంటికి, అక్కడి నుంచి సీమంతానికి మరో ఇంటికి తిరిగి తిరిగి, మొదట ఇచ్చినావిడ చేతికే చేరుతుంది. ఇంతమంది బీరువాల్లో ఇంత చోటు తినేసి ఒక్క ఒంటినీ కప్పని గుడ్డ ఇంకొకటి లేదు.

శుభలేఖలు ఇంకా ఘోరం. పైన వినాయకుడు, లోపల శ్రీనివాసుడూ పద్మావతీ. చెత్తబుట్టలో వేస్తే పాపం, వేయకపోతే టీవీ కింది సొరుగు నిండిపోతుంది. ఆ దంపతులకు పిల్లలు పుట్టి బడికి పోతుంటారు, శుభలేఖ మాత్రం మన సొరుగులో కొత్తగానే ఉంటుంది. గాజు పగిలిన పటాన్ని ఏం చేయాలో తెలియక వీధి చివరి రావిచెట్టు మొదట్లో ఆనించి, దణ్ణం పెట్టుకుని, వెనక్కి చూడకుండా వచ్చేస్తాం. మన నగరాల్లో ఏ రావిచెట్టు కింద చూసినా దేవుళ్లు వానలో నానుతుంటారు. భక్తి పేరు చెప్పి ఇచ్చుకున్న బహుమతులు చివరికి దేవుణ్ణే రోడ్డున పడేశాయి.

మనం కొనుక్కున్నవి తక్కువా? బిర్యానీ పార్సిల్ డబ్బాలు, ఐస్‌క్రీమ్ డబ్బాలు, కవర్లన్నీ కుక్కిన ఇంకో కవరు, ఇల్లు మారితే కావాలని అటక మీదకు ఎక్కించిన టీవీ అట్టపెట్టె. టీవీ పోయింది, పెట్టె ఉంది. "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్న మాటను నేను వెక్కిరించను. వస్తువు దొరకడం కష్టమైన రోజుల్లో అది తెలివైన మాట. కానీ ఇప్పుడు పది నిమిషాల్లో ఏదైనా గుమ్మం ముందుకొస్తోంది. తాతగారి దాచే అలవాటూ మనవడి కొనే అలవాటూ ఒకే ఫ్లాటులో కాపురం పెట్టాయి. ఆ కాపురానికి చాకిరీ చేసేది మాత్రం కోడలు.

పూర్వం బయటికి పోయే దారులు కూడా ఉండేవి. పాత చీరలు బొంతలయ్యేవి. పాత బట్టలకు స్టీలు సామాన్లిచ్చే ఆమె గంప నెత్తిన పెట్టుకుని వచ్చేది. పాత ఇనుముకు ఉల్లిపాయలిచ్చే బండి వచ్చేది. విరిగిన చెక్క భోగిమంటలోకి పోయేది. ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీల్లో ఆ గంపామెను వాచ్‌మన్ లోపలికి రానివ్వడు, డెలివరీ కుర్రాణ్ణి మాత్రం రోజుకు ఇరవైసార్లు రానిస్తాడు. లోపలికి రావడానికి రాజమార్గం, బయటికి పోవడానికి సందు కూడా లేదు. మరి ఇల్లు నిండక ఏమవుతుంది? ఆ నిండిన చోటుకు మనం కట్టే ధర చూడండి. చదరపు అడుగు ఆరు వేలు పెట్టి కొన్న ఫ్లాటులో ముప్ఫై చదరపు అడుగుల స్టోర్ రూమ్ అంటే లక్షా ఎనభై వేలు. దానికి ఈఎంఐ కడుతూ లోపల పనిచేయని మిక్సీని కాపురం ఉంచుతున్నాం.

ఈ మొత్తానికి మందుగా యూట్యూబ్ వీడియో చూపిస్తారు. గాజు సీసాలు, వాటి మీద ఆవాలు, జీలకర్ర, మెంతులు అని అందమైన చీటీలు, మరక లేని గట్టు. అమ్మా, వీడియోలో ఆవిడ తుడిచే ప్రతి తుడుపుకూ డబ్బులొస్తాయి, ఆ గట్టు ఆవిడకు ఆఫీసు. మీరు రాత్రి పదిన్నరకు తుడిచేదానికి మీకేం వస్తుంది? పైగా సామాను తగ్గించుకోమంటూ సామాను పెట్టుకోవడానికి పన్నెండు ప్లాస్టిక్ బుట్టలు అమ్ముతారు! మేరీ కోండో అనే జపాన్ ఆవిడ 2011లో పుస్తకం రాసి, ఆనందం కలిగించే వస్తువులే ఉంచుకోమని ప్రపంచానికంతా సర్దుడు నేర్పింది. అదే ఆవిడ మూడో బిడ్డ పుట్టాక, ఇల్లు సర్దడం దాదాపు వదిలేశానని, ఇప్పుడు పిల్లలతో గడిపే సమయమే ముఖ్యమని 2023లో ఒప్పుకుంది. జగద్గురువే చేతులెత్తేసిన చోట మీరు ఎందుకు సిగ్గుపడుతున్నారు?

"పనిమనిషిని పెట్టుకోవచ్చుగా" అనేది ఇంకో మందు. పెట్టుకోండి. అయితే ఆమె ఇల్లు ఎవరు ఊడుస్తారో కూడా ఆలోచించండి. నెలకు రెండు నాగాలు పెడితే మొహం మాడ్చుకుంటాం. పండక్కి పదిమంది చుట్టాలొస్తే అంట్లు మూడింతలవుతాయి, జీతం పైసా పెరగదు. ఇంటి పనివారికీ మిగతా కార్మికుల్లాగే వారపు సెలవు, హక్కులు ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దాన్ని ఇప్పటికీ ఆమోదించలేదు. ఒక ఆడమనిషి చాకిరీని ఇంకో ఆడమనిషికి చౌకగా అప్పగించి, సోఫాలో మనిషిని కదపకుండా తుడిచేసుకోవడాన్ని పరిష్కారం అంటారా? 2020 లాక్‌డౌన్‌లో పనివాళ్లు రావడం ఆగిన వారానికే ఎవరి ఇంట్లో ఎవరి చేతులు కదిలాయో అందరం చూశాం.

సరే, మరి చేయాల్సిందేమిటి?

ముందు మురికిని రెండుగా విడదీయండి. జబ్బు తెచ్చే మురికి ఒకటి, మాట తెచ్చే మురికి ఒకటి. సింకు, పొయ్యి గట్టు, తడి చెత్త, బాత్రూమ్, తాగే నీళ్ల బిందె, కూలర్లోనూ కుండీ కింది పళ్లెంలోనూ నిలిచిన నీళ్లు, ఇవి మొదటి రకం. షోకేసులో బొమ్మల మీద దుమ్ము, సోఫా మీద పిల్లల బట్టలు, మెరవని స్టీలు, మడతపెట్టని దుప్పటి, ఇవి రెండో రకం. రెండో రకంతో ఎవరికీ జ్వరం రాదు, వచ్చేది చుట్టాల నోటి మాటే. రానివ్వండి.

మొదటి రకానికి పట్టే సమయం మీరు భయపడేంత కాదు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ గుడ్డు నుంచి రెక్కలు రావడానికి వారం, పది రోజులు పడుతుంది. అందుకే వారానికోసారి నిలవనీళ్లు పారబోస్తే చాలని డ్రై డే పెట్టారు. 2020లో తెలంగాణలో అప్పటి పురపాలక మంత్రి కేటీఆర్ ప్రతి ఆదివారం పది గంటలకు పది నిమిషాలు అంటూ మొదలుపెట్టిన కార్యక్రమం కూడా ఇదే లెక్క మీద నడిచింది. ప్రాణం తీసే రోగాన్ని ఆపడానికి వారానికి పది నిమిషాలు చాలినప్పుడు, పరువు నిలపడానికి రోజుకు ఐదు గంటలు కావాలని ఎవరు నిర్ణయించారు? రోజూ రాత్రి సింకు ఖాళీ కావాలి, గట్టు తుడవాలి, తడి చెత్త బయటికి పోవాలి. వారానికి ఒకటి రెండుసార్లు బాత్రూమ్‌లూ నేలా. బూజు సంక్రాంతికి, ఉగాదికి, దసరాకి. మన పెద్దవాళ్లు బూజుకర్రను పండగలకే తీశారు, ప్రతి శనివారం తీయలేదు. వాళ్లకున్న ఇంగితం మనకెందుకు పోయింది?

రెండోది, పనిని ముక్కలుగా కాదు, మొత్తంగా పంచండి. "చెప్తే చేస్తాగా" అనే మాట ఇక ఏ ఇంట్లోనూ వినబడకూడదు. అయ్యా, మీరు ఆఫీసులో టీమ్ లీడ్. యాభై టికెట్లు ఎవరూ చెప్పకుండానే చూసుకుంటారు. ఇంట్లో హార్పిక్ అయిపోయిందని మీకు ఇంకొకరు చెప్పాలా? బాత్రూమ్‌లు మీవి అంటే కడగడమే కాదు, బ్రష్ అరిగిందని గమనించడమూ, కొత్తది తేవడమూ, చుట్టాలొచ్చే ముందురోజు గుర్తుపెట్టుకోవడమూ అన్నీ మీవే. "మేం చేస్తే మీకు నచ్చదు" అంటారా? నచ్చేదాకా చేయండి. డ్రైవింగ్ కూడా మొదటిరోజే రాలేదు కదా.

మగపిల్లాడి చేతికి చీపురివ్వకూడదనే అమ్మలకు ఒక మాట. డాలస్‌లో, న్యూజెర్సీలో మీ అబ్బాయే అంట్లు కడుగుతున్నాడు, వాక్యూమ్ పెడుతున్నాడు, వారాంతం గడ్డి కోస్తున్నాడు. చేతులు అరిగిపోలేదు. సెలవులకు మన ఊరొచ్చి విమానం దిగగానే అవే చేతులు ఉన్నట్టుండి పడిపోతాయి, తిన్న కంచం ఎత్తడానికి కూడా లేవవు. ఆ రోగం అబ్బాయిది కాదు, మన ఇంటిది. మందు కూడా మన ఇంట్లోనే ఉంది: "నాయనా, కంచం తీయి."

మూడోది, గుమ్మం దగ్గర ఆపండి. శ్రావణమాసం వాయనంలో శనగలు పెట్టిన పూర్వులకు ఇంట్లో చోటు విలువ తెలుసు, తింటే అయిపోతాయి. మీరు ఇచ్చేది కూడా తింటే అయిపోయేదే ఇవ్వండి. కందిపప్పు, బెల్లం, పండ్లు. గృహప్రవేశానికి కవరులో డబ్బు పెట్టండి. శుభలేఖ ఫోనులో పంపండి, పెద్దవాళ్లను మాత్రం ఇంటికెళ్లి బొట్టుపెట్టి నోరారా పిలవండి. జాకెట్ ముక్క ఇస్తే "వద్దు వదినా, తాంబూలం చాలు" అనండి. నలుగురు ఇలా అంటే పది ఇళ్లలో ఆగుతుంది.

ఉన్నదాన్ని తగ్గించడానికి ఆదివారాన్ని బలివ్వకండి. కుక్కర్ మూడు విజిల్స్ వచ్చేలోపు ఒక్క సొరుగు. ఆనందం కలిగిస్తోందా లేదా అనే మీమాంస వద్దు. పోయిన సంక్రాంతి నుంచి దీన్ని తీశామా, అంతే ప్రశ్న. తీయనిది సంచీలోకి, సంచీ ఆ రోజే గుమ్మం దాటాలి. "ఎవరికైనా ఇద్దాం" అని తలుపు వెనక ఆర్నెల్లు ఉంచిన సంచీ కూడా సామానే. చినిగింది దానం చేయకండి, తీసుకునేవాళ్లకూ గౌరవం ఉంది. చెడిన ఛార్జర్లు, మిక్సీలు తడి చెత్తలో కలపకండి, వాటిని రీసైక్లింగ్ చేయించే బాధ్యతను 2022 నిబంధనలు తయారీదారుల మీదే పెట్టాయి. ఎవరి అల్మారా వాళ్లే సర్దుకోవాలి. ఆయన ఇంజనీరింగ్ పుస్తకాలనూ వైర్ల పెట్టెనూ ఆవిడ ముట్టుకోకూడదు, అవి ఏమవ్వాలో తేల్చాల్సింది ఆయనే, అదీ ఈ నెలలోనే.

ఇదంతా చదివి "ఇది ఆడవాళ్లను చెడగొట్టే రాత" అనేవాళ్లు ఉంటారని తెలుసు. వాదనకు నేను సిద్ధం. ఒక్కటే షరతు. ముందు మీ ఇంట్లో బాత్రూమ్ కడిగి, చేతులు తుడుచుకుని రండి. అప్పుడు మాట్లాడుకుందాం.